కుక్క బొమ్మకు రెండో చిల్లు

పశువుల డాక్టర్లుగా కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట అడిగేది ఒకటే: "మేడం, మిమ్మల్ని ఎప్పుడైనా ఎద్దు తన్నిందా?" తన్నింది. రెండుసార్లు. రెండుసార్లూ తప్పు నాదే, వెనక నుంచి వెళ్లాను. దాని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

నేను రాయాలనుకున్నది కుక్కలు కొరికే రబ్బరు బొమ్మ గురించి. లోపల బోలుగా ఉంటుంది. అందులో తిండి కూరి కుక్క ముందు పడేస్తే అది నాకుతూ, కొరుకుతూ, దొర్లిస్తూ గంటసేపు దానితో కుస్తీ పడుతుంది. ముప్పై రెండేళ్లు పనిచేసి చివరికి ఈ బొమ్మ గురించి రాస్తున్నానంటే మా బ్యాచ్ వాళ్లు నవ్వారు. నవ్వనివ్వండి. దూడ అడ్డం తిరిగిన బర్రెలకు ఎన్నింటికో ఈ చేతులతో కాన్పు చేశాను. వాటిలో ఒక్కటీ నాకు నిద్ర పట్టకుండా చేయలేదు. ఈ బొమ్మ చేసింది.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను హసన్‌పర్తిలో రైతుల ఇంట్లో పెరిగాను. మా ఇంటి ముందు ఒక కుక్క ఉండేది. అన్నం గిన్నె చప్పుడైతే వచ్చేది, కర్ర తీస్తే పోయేది. దానికి పేరు కూడా లేదు. కుక్కకు విసుగు పుడుతుందని, పుడితే ఇల్లు పీకి పందిరేస్తుందని నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు, కాలేజీలోనూ చెప్పలేదు. అందువల్ల ఈ విషయంలో నేను నేర్చుకున్నదంతా ఇతరుల కుక్కల ఖర్చుతో నేర్చుకున్నదే.

పెద్దసారు, మోకాలు

నా మొదటి పై అధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆయనకు కుక్కలు పూచికపుల్లతో సమానం. "బర్రె పాలిస్తది, ఎద్దు దున్నుతది. కుక్క ఏమిస్తదమ్మా? గాటిస్తది," అనేవాడు. కుక్క కేసు వస్తే నా టేబుల్ వైపు చెయ్యి చూపించి టీ తాగడానికి వెళ్లిపోయేవాడు.

అయినా కుక్కల గురించి నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే. ఒక సోమవారం ఒకాయన కుక్కను తెచ్చాడు. పై దవడలో పెద్ద పన్ను నిలువునా చీలిపోయింది. ఆదివారం తిన్న మటన్‌లోని నల్లిబొక్క, అంటే మూలుగుండే ఎముక, దానికి వేశారు. మన దగ్గర ఆదివారం కూరలో ముక్కలు మనుషులకు, బొక్కలు కుక్కకు. అది శాసనం. ఉడికిన బొక్క పెళుసైపోయి చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుందని, గట్టిదైతే పన్నే విరుగుతుందని చెప్పాను. ఆయనకు నా వయసు చూస్తే నమ్మకం కుదరలేదు.

"బొక్క కుక్కకు ఎయ్యకపోతే నేను తినాల్నా మేడం?" అన్నాడు.

టీ తాగి వస్తున్న పెద్దసారు ఆ మాట విన్నాడు. సాక్ష్యంగా కవర్లో తెచ్చిన బొక్కను తీసుకుని ఆ కుక్క యజమాని మోకాలి చిప్ప మీద టక్కున ఒకటి వేశాడు. ఆయన కెవ్వుమన్నాడు.

"నీ మోకాలికి నొప్పైనది దాని పండ్లకు నొప్పి గాదా? పో, ఇంటికి పోయి రబ్బరుది తెచ్చియ్యి," అన్నాడు పెద్దసారు.

ఆయన బోధనా పద్ధతి అంతే. తర్వాత తెలిసింది, మోకాలి పరీక్ష నిజంగానే వైద్యులు చెప్పేదేనని. ఇప్పటికీ ఎవరైనా కుక్క కొరికే వస్తువు తెస్తే మోకాలి మీద కొట్టి చూస్తాను. కాకపోతే నా మోకాలి మీద. రెండో పరీక్ష బొటనవేలి గోరు. గోరుతో గట్టిగా నొక్కితే కొద్దిగానైనా లొంగాలి. అసలు లొంగకపోతే పన్ను పోతుంది. మరీ మెత్తగా రెండు వేళ్ల మధ్య అణిగిపోతే అది పిల్లకుక్కలదే, పెద్ద కుక్క పది నిమిషాల్లో ముక్కలు చేసి మింగుతుంది. సైజు విషయంలో పిసినారితనం వద్దు. బొమ్మ కుక్క నోట్లో వెనక పళ్లు దాటి లోపలికి పోయేలా ఉండకూడదు. అంచులు తెగి ముక్కలు ఊడడం మొదలైన రోజే పారెయ్యాలి. "ఇంకా మంచిగనే ఉంది కద మేడం" అని దాచుకున్న వాళ్లను నేను తర్వాత ఆపరేషన్ బల్ల దగ్గర కలిశాను.

కిస్మిస్

వరంగల్ మార్కెట్లో పప్పులు, బియ్యం హోల్‌సేల్‌గా అమ్మే ఒక కుటుంబం ఉండేది. వాళ్ల లాబ్రడార్ బంటి. గిన్నెలో వేసింది మనం చూసేలోపే మింగేది, లావెక్కి నడవలేకపోయేది. తిండి మెల్లగా తినాలంటే గిన్నె తీసేసి రబ్బరు బొమ్మలో కూరి పెట్టమన్నాను. ఏం పెట్టాలో చెప్పలేదు. "మీరు పెట్టేదే పెట్టండి" అన్నాను. ఆ మాట ఎంత బద్ధకంగా అన్నానో అప్పుడు తెలియలేదు.

రెండు వారాల తర్వాత బంటి ఇంకో కిలో పెరిగి వచ్చింది. వెంట వాళ్ల నానమ్మ.

"ఏం పెడుతున్నారమ్మా ఇందులో?"

"ఏమున్నది బిడ్డా, కాజు, బాదం, కిస్మిస్, జరంత నెయ్యి."

"కిస్మిస్ ఎంత?"

"గుప్పెడే."

"ఎప్పుడు పెట్టారు?"

"ఇప్పుడే పెట్టుకొని తీస్కొచ్చినం. దవాఖానకు ఒస్తాంటే ఆకలితోటి తెస్తమా?"

కిస్మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఏ కుక్కకు ఎన్ని పడితే ముప్పో ముందే చెప్పలేం. అందుకే ఒక్కటీ పెట్టకూడదు. మా కాంపౌండర్ సారయ్య, నేను కలిసి అక్కడికక్కడే బంటితో కక్కించి మూడు రోజులు సెలైన్ ఎక్కించాం. బతికింది. మూడో రోజు నానమ్మ నా పక్కన కూర్చుని అడిగింది.

"దేవునికి పెట్టే పరమాన్నంల ఏస్తం గద. అది కుక్కకు విషమైతదా?"

"అవుతుందమ్మా."

"మరి దేవునికి?"

దేవుని కిడ్నీల గురించి నేను చదువుకోలేదని చెప్పాను. ఆమెకు ఆ జవాబు తృప్తినిచ్చినట్టే ఉంది.

అప్పటి నుంచి నేను ఏం పెట్టాలో పూర్తిగా చెబుతున్నాను. మొక్కజొన్న రవ్వతో వండే మక్కగట్క, పెరుగన్నం, ఉడికిన గుడ్డు, బొక్కలు తీసిన కోడిమాంసం, ఉడికిన గుమ్మడికాయ, క్యారెట్. ఉప్పూ చక్కెరా లేకుండా ఇంట్లో నూరిన పల్లీల ముద్ద కొంచెం. ఉల్లిగడ్డ పడిన కూర వద్దు, చాక్లెట్ వద్దు, షుగర్ ఉన్నవాళ్ల కోసం అమ్మే తీపి సరుకేదీ వద్దు, కిస్మిస్ అసలే వద్దు. బొమ్మలో పెట్టినంత గిన్నెలో తగ్గించాలి. మొదటి రోజు వదులుగా కూరాలి, దొర్లిస్తే రాలిపోయేలా. కుక్క గెలవాలి. గెలుపు రుచి తెలిశాక గట్టిగా కూరొచ్చు, ఎండాకాలం ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇవ్వొచ్చు. మొదటి రోజే గడ్డకట్టించి ఇస్తే అది వాసన చూసి, మన ముఖం చూసి, వెళ్లి చెప్పులు కొరుకుతుంది.

ఇవన్నీ తెలుసు కాబట్టి ఇక నాకు తెలియనిది లేదనుకున్నాను. అసలు కేసు ఆ తర్వాతే వచ్చింది.

టైగర్

రాజమౌళి కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. అతని భార్య సరోజన అదే మగ్గం మీద పక్కన కూర్చుని నేస్తుంది. వాళ్ల కుక్క టైగర్. పేరుకే టైగర్. ఎనిమిది నెలల ఊరకుక్క, ఒక చెవి నిలబడితే ఇంకోటి పడుకుంటుంది. వానల్లో మోరీలో కొట్టుకుపోతుంటే సరోజన తెచ్చి, దూదితో పాలు పట్టి బతికించింది.

ఇద్దరూ కుక్కను తీసుకుని వచ్చారు. కుక్కకు జబ్బేమీ లేదు. జంపఖానాల అంచుల్లో వేలాడే కుచ్చులు కొరుకుతోంది. కుచ్చులు లేని జంపఖానా షావుకారు తీసుకోడు.

"మూడోది మేడం," అన్నాడు రాజమౌళి. "ఇద్దరం కలిసి దినమంత నేసింది అది నిమిషంల నమిలి పడేస్తాంది. ఇంకొక్కటి కొరికిందంటే డోర్నకల్ల మా బామ్మర్ది కాడ ఇడిసొస్త. ఆయినె రైల్వేల పని జేస్తడు. ఆడ పట్టాలు కొరుక్కుంట బతుకుతది."

సరోజన టైగర్‌ను దగ్గరికి లాక్కుంది. పడుకున్న చెవిని వేళ్లతో నిమురుతూ కూర్చుంది. అతను చీటీ కోసం బయటికి వెళ్లాక మాత్రం మెల్లగా అంది: "మా టైగర్‌గాడు లేకుంటె నేను ఆ మగ్గం మీద కూసోను మేడం. ఎట్లన్న జేసి మాన్పియ్యుండ్రి." ఏడవలేదు, గొంతు పెంచలేదు. అందుకే నిజంగానే కూర్చోదని నాకు అర్థమైంది.

రాజమౌళి తిరిగొచ్చాక చెప్పాను. కుక్క తప్పేమీ లేదు, పెద్ద పళ్లు కుదురుకునే వయసు, రోజంతా కట్టేసి ఉంటుంది, కళ్ల ముందు నాలుగు చేతులు, వందల పోగులు ఆడుతుంటాయి, దానికీ ఏదో ఒక పని కావాలి.

"పనే గావాల్నంటె నూలు సుట్టమనుండ్రి," అన్నాడు.

నా సొరుగులో ఉన్న నల్ల రబ్బరు బొమ్మ ఇచ్చాను. మందమైనది, మోకాలి పరీక్షలో నెగ్గింది. పైన పెద్ద చిల్లు, అడుగున చిన్న చిల్లు. గట్క, పెరుగు ఎలా కూరాలో చూపించాను. వారం తిరిగేసరికి టైగర్ కుచ్చుల వైపు చూడడం మానేసింది. సరోజన నా కోసం ఒక డబ్బాలో సర్వపిండి తెచ్చింది. ఆ రోజు నా గురించి నాకు చాలా మంచి అభిప్రాయం ఉంది.

రాజమౌళికి మాత్రం కొత్త ఫిర్యాదు ఉంది. "కొరుకుడు బందైంది, మరకలు షురువైనయ్ మేడం. కింది చిల్లుల నుంచి పెరుగు కారి కొత్త జంపఖాన మీద పడ్తాంది. గిదొక్కటి జర సూడుండ్రి, లేకుంటె మల్ల డోర్నకలే."

బయట పొట్ట ఉబ్బిన బర్రె ఉంది. వరండాలో వరస గేటు దాకా ఉంది. నేను తలెత్తకుండానే అన్నాను: "ఆ కింది చిల్లు మూసెయ్యి. కారదు."

అసలు ఆ చిల్లు ఎందుకుందో నాకు తెలుసా? తెలియదు. పెద్దసారు చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. కడగడానికి వీలుగా పెట్టారేమో అనుకున్నాను. తెలియని దాని గురించి తెలిసినట్టు చెప్పడానికి నాకు మూడు సెకన్లు పట్టింది.

గంజి

మరో వారానికి, పొద్దున పది గంటలకు రాజమౌళి బండి గేటు లోపలి దాకా వచ్చి ఆగింది. వెనక సరోజన, ఆమె ఒళ్లో టైగర్. దాని నోటి నుంచి ఆ నల్ల బొమ్మ వేలాడుతోంది. నాలుక పెద్ద చిల్లులోకి వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. బయట కనిపిస్తున్నంత మేరా ఉబ్బి నేరేడుపండు రంగులోకి తిరిగింది. కుక్క అరవడం లేదు. అరవడానికి దానికి నాలుక లేదు. కళ్లు మాత్రం మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాయి.

నూనె పోశాను. రాలేదు. అంచు పక్క నుంచి వేలు దూర్చబోయాను. సందు లేదు. లాగిన కొద్దీ నాలుక ఇంకా ఉబ్బుతోంది. సారయ్య పట్టుకున్నాడు, మత్తు సూది వేశాను. రబ్బరు కోద్దామని బ్లేడు పెడితే గీత కూడా పడలేదు. రెండు వారాల కింద నేనే మెచ్చుకున్న మందం అది.

అప్పుడు బొమ్మను తిప్పి చూశాను. అడుగున చిల్లు లేదు. దాని చోట ఏదో నున్నగా, రాయిలా ఉంది.

"ఇదేంటి రాజమౌళీ?"

"మీరే మూయమన్నరు గద మేడం. ముందుగాల పిండి పెట్టినం, నాకి తీసేసింది. గందుకే నూలు పేలికలు కూరి, పోగులకు పెట్టే గంజి చిక్కగ కాసి పోసి, మూడు దినాలు ఎండకు పెట్టిన. నీల్లు గుడ దిగవు," అన్నాడు. అంత కంగారులోనూ అతని గొంతులో ఒక పనివాడి గర్వం ఉంది.

చిన్నప్పుడు స్టీలు గ్లాసు మూతికి పెట్టుకుని గాలి పీలిస్తే గ్లాసు మూతికి కరుచుకుంటుంది. ప్రతి ఇంట్లో ప్రతి పిల్లా చేసిన పనే. టైగర్ అడుగున మిగిలిన పెరుగు కోసం నాలుక తోసి పీల్చింది. లోపలికి గాలి రావడానికి దారి లేదు. దారి ఉండాలనే ఆ రెండో చిల్లు పెట్టారు.

"సూది! లావుది!" అన్నాను. మా ఇంజెక్షన్ సూదులు గంజి మీద వంగిపోయాయి. రాజమౌళి చొక్కా కాలరు మడతలోంచి దబ్బనం తీశాడు, జంపఖానాల అంచులు కుట్టేది. నన్ను జరగమనలేదు, నేనే జరిగాను. ఏ పేలిక ఎటు కూరాడో అతనికే తెలుసు. రెండుసార్లు జారింది. మూడోసారి దిగింది. చిన్నగా గాలి చప్పుడు వచ్చింది. బొమ్మ వదులైంది, నాలుక మెల్లగా జారి బయటికి వచ్చింది.

సరోజన అక్కడే నేల మీద కూలబడింది. "బతుకుతడా?"

"బతుకుతాడు. నాలుక కొస మాత్రం రెండు రోజులు చూడాలి."

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. ఆపడం లేదు.

సెలైన్ పెడుతూ సారయ్య రాజమౌళి మీద విరుచుకుపడ్డాడు. అది నా మీద అభిమానంతోనే. "ఏమయ్యా, గంజి పోసి గిట్ల మూస్తరా ఎవలన్న? అక్కల్ ఉన్నదా నీకు? నోరులేని జీవి అది."

రాజమౌళి తల వంచుకున్నాడు. మేడం చెప్పింది అని ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. అందరిలో నన్ను తక్కువ చేయడం అతనికి ఇష్టం లేకపోయింది. నేను సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. వరండాలో జనం లోపలికి తొంగి చూస్తున్నారు. ఇన్నేళ్లలో సంపాదించుకున్న పేరు ఒకటి ఉంది కదా, దాన్ని కాపాడుకుంటున్నాను.

సరోజన నేల మీద నుంచే మొగుడి ముఖంలోకి చూసింది.

"డోర్నకల్ దాక ఎందుకని, ఇంట్లనే సంపుదామనుకున్నవా?"

వారాల తరబడి కుక్కను వదిలేసి వస్తానంటున్న మనిషే ఆ చిల్లు మూశాడు. ఆమెకు ఆ రెండూ కలిసి కనిపించాయి. రాజమౌళి ఆమె వైపు ఒక అడుగు వేసి ఆగాడు. దబ్బనం ఇంకా చేతిలోనే ఉంది.

నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అతన్ని సారయ్య తిట్టినప్పుడు నోరు మెదపని దాన్ని, పెళ్లామే అనుమానించేదాకా వచ్చాక మాట్లాడాను.

"సరోజనా, మూయమన్నది నేను," అన్నాను. వరండాకు వినపడేలా. "ఆ చిల్లు ఎందుకుందో నాకు తెలియకుండానే చెప్పాను. నీ మొగుడు నా మాట విన్నాడు. అంతకు మించి ఏ తప్పూ చేయలేదు. ఇప్పుడు బతికించింది కూడా అతనే."

సారయ్య సెలైన్ వైపు తిరిగాడు. వరండాలో ఎవరో గొంతు సవరించుకున్నారు. సరోజన లేచి, రాజమౌళి చేతిలోంచి దబ్బనం తీసి, పాత చోటే అతని కాలరులో గుచ్చింది.

కొత్తవాళ్లకు

టైగర్ నాలుక కొస వేలెడంత నల్లబడి రాలిపోయింది. నీళ్లు తాగితే సగం నేల పాలు. మిగతాదంతా బాగానే ఉంది.

మీకు చెప్పాల్సింది ఇదీ. బొమ్మ చేతికి రాగానే వెలుతురుకు పెట్టి ఒక చిల్లులోంచి ఇంకో చిల్లు కనిపిస్తుందో లేదో చూడండి. ఒకే చిల్లు ఉన్నది కొననివ్వకండి. తిండి కూరాక కూడా గాలికి దారి ఉండాలి. కొత్త బొమ్మతో కుక్కను మొదటి నాలుగు రోజులు ఒంటరిగా వదలొద్దని చెప్పండి. పెరుగు కారితే పెరుగు తగ్గించమనండి, కింద పాత గుడ్డ పరచమనండి. ఈ రెండు మాటలు చెప్పడానికి ఆ రోజు నాకు తీరిక లేకపోయింది.

మాట వినని వాళ్ల గురించి మన డాక్టర్లమంతా గంటలకొద్దీ ఫిర్యాదు చేసుకుంటాం. వాళ్ల వల్ల జరిగే నష్టం తక్కువ. మనం నోటికొచ్చింది చెబితే, దాన్ని తీసుకెళ్లి, తమ చేతిలో ఉన్న పనితనమంతా పెట్టి అమలు చేసేవాళ్లు ఉంటారు. నా తప్పు తగిలింది అలాంటి మనిషికే.

పన్నెండు రోజులకు రాజమౌళి ఒక్కడే వచ్చాడు. బొమ్మ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. గంజి, పేలికలు అన్నీ తవ్వి తీసి శుభ్రంగా కడిగాడు. తిరిగిచ్చేయడానికి వచ్చాడనుకున్నాను. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నామని చెబుతాడనుకున్నాను, అలా చెబితే అనాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఈసారి సక్కగ జెప్పుండ్రి మేడం," అన్నాడు. "మీరు ఎట్ల జెప్తె అట్లనే జేస్త."

ఆ మాట వినగానే నాకు భయమేసింది. ఆ భయంతోనే, మొదటి నుంచి చెప్పాను.